ఉప్పుదొర సావిడిలో పాటు వేళ ప్రార్థన

ఉపదేశి పనికి కొత్తగా కుదిరిన తమ్ముళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు, వాక్యం బాగా చెప్పడం ఎలాగండీ అని. నన్నడగడం వాళ్ళ మర్యాద. నా వాక్యం విని మేలుకున్నవాళ్ళకంటె, అది వింటూ హాయిగా కునికి లేచినవాళ్ళే ఎక్కువ. అలిసిన ఒళ్ళకి విశ్రాంతి ఇవ్వడం కూడా సేవేనని నేను సరిపెట్టుకున్నాను. వాళ్ళూ సరిపెట్టుకున్నారు.

అంచేత వాక్యం సంగతి ఇంకెవర్నైనా అడగండి. నేను తలుపు సంగతి చెబుతాను. మన పనిలో ముప్పాతిక తలుపు తియ్యడమే. ఎవరికి తియ్యాలో మొదటే తెలుసు, అందరికీ. ఎప్పుడు తియ్యాలో తెలియడానికి మాత్రం నాకు ఏళ్ళు పట్టింది. తెలిసిన రోజున పడవలో గంతేసి పక్కాయన చుట్ట బురదలో పడేసేను. ఇంతకాలం గడిచినా ఆ రోజులు తలుచుకుంటే కూచున్నచోట కూచోలేను. ఇందులో రాత వంకర పోయినచోటల్లా లేచి అటూ ఇటూ తిరిగేనని అనుకోండి.

ఉప్పుదొర సావిడి

గోదావరి పాయ వైనతేయ గట్టున, ఓడలరేవుకి ఎగువగా, ఒక చిన్న రేవుంది. ఆ చుట్టుపక్కల కొబ్బరికాయలు, ఎండుచేపలు, ఉప్పు పడవలకెక్కి మామిడికుదురు వైపూ, ఆ పైన కొత్తపేట వైపూ వెళ్ళేది అక్కణ్ణించే. రేవు మీద మా మందిరం. నేను పుట్టకముందు, కుంఫిణీవారి ఉప్పు కొఠారుకి అధికారిగా వచ్చిన దొరగారొకాయన కట్టించేరు. ఆయన మెథడిస్టు. ఆ మాటకి పద్ధతి గలవాళ్ళని అర్థమట. నిజంగానే పద్ధతిగా కట్టేరు. గోడలు మూరెడు దళసరి. సున్నంలో బెల్లం నీళ్ళు పోసి గానుగాడించేరట. చుట్టూ వసారా. పైన దూలాలు మాత్రం, ఏరు సముద్రంలో కలిసేచోట ఇసకతిప్పకి కొట్టుకుని విరిగిపోయిన ఓడవి. వాటిమీద పాత మేకుల చిల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. దొరగారు పోయేక మందిరం మా మిషను చేతికొచ్చింది. చూసుకోమని నన్ను పంపేరు. అంత పద్ధతైన కట్టడంలో పద్ధతి లేని వస్తువు నేనొక్కణ్ణే.

సంఘమంటే రేవులో బస్తాలు మోసే కొన్ని కుటుంబాలు. పేటవాళ్ళు, ఊరు అంటరాదనేవాళ్ళు. నేనూ పేటవాణ్ణే. మిషను బళ్ళో నాలుగక్షరాలు అబ్బినందుకు నన్ను పంతులుగారనేవారు. ఊరికి మాత్రం మా మందిరం ‘ఉప్పుదొర సావిడి’. ఆ పేరు పట్టుకుని నన్ను ఏడిపించడానికి సరంగు వీర్రాజు ఒక్కడు చాలు. సరంగంటే పడవ నడిపే పెద్ద. చేపలు పట్టే పల్లెకారుల మనిషి, మా సంఘంలోవాడు కాదు. "ఉప్పుదొరగారి సావిట్లో ఈ చప్పిడి పంతులుగారేంటండీ" అని రేవంతా వినపడేట్టు అనేవాడు. నా వాక్యం విన్నవాళ్ళెవరూ ఆ మాట ఖండించలేదు.

కుండ, బొండాం

వసారా ఉంది కాబట్టి పడవల కోసం వచ్చినవాళ్ళు నీడకి కూచునేవారు. నాకు ముందున్న ఉపదేశిగారు మందిరం మందిరంలాగే ఉండాలని వాళ్ళని తరిమేసేవారట. నేను తరమలేదు. పైగా మర్యాద చేద్దామని కొత్త కుండ నిండా నీళ్ళు పెట్టేను. మా ఇంటావిడ రూతమ్మ రోజూ కుండ కడిగి నింపేది. సాయంత్రానికి నింపింది నింపినట్టే ఉండేది. పేటవాళ్ళ కుండ. నోరెండిపోతున్నా ముట్టుకునేవాళ్ళు లేరు. కొందరైతే ఆ కుండని చూసి మొహమాటపడి లేచి ఎండలోకి వెళ్ళిపోయేవారు. రమ్మనడానికి పెట్టిన కుండ, పొమ్మన్నట్టయింది.

ఒకనాడు అగ్రహారం శాస్త్రిగారొకాయన పడవ కోసం వచ్చి గట్టున ఎండలో నిలబడిపోయేరు. పెద్దాయన, తూలుతున్నారు. రూతమ్మ కుండ వైపు చూసింది, నా వైపు చూసింది, పెరట్లోకి వెళ్ళింది. పెరటినిండా ఉప్పుదొర వేయించిన కొబ్బరిచెట్లు. దింపి ఉంచిన బొండాలు రెండు తెచ్చి, చెక్కకుండా అలాగే గట్టు మీద పెట్టి వెనక్కి వచ్చేసింది. శాస్త్రిగారు వాటిని కాసేపు చూసేరు. పడవలోవాణ్ణి పిలిచి కత్తితో కొట్టించుకున్నారు. తాగి, ఎవరితోనూ కానట్టు ఏటివైపు తిరిగి, "కాయకేముందిలెండి, దేవుడు మూతేసి పంపేడు" అన్నారు.

మరి కుండకి మూత మేమూ వేసేం కదండీ అని అడుగుదామనుకున్నాను. రెండో కాయ తాగుతున్నారు కదా అని ఊరుకున్నాను.

మర్నాటి నుంచి కుండ లోపలికీ, బొండాల గెల వసారా మీదకీ మారేయి. పక్కన కత్తి. ఎవరి కాయ వాళ్ళే కొట్టుకోవాలి. దీంతో ఏదో జయించేమని నేననుకోలేదు తమ్ముళ్ళూ. మన నీళ్ళు తాగని మనిషి మన కాయ తాగేడు, అంతే. ఆ బాధ బాధగానే ఉంది. కాని తాగినంతసేపూ ఆ మనిషి కూచున్నాడు. కూచున్నవాడు గోడ చూస్తాడు, దూలం చూస్తాడు, ఆ చిల్లులేంటండీ అని అడుగుతాడు. మన పనికి అంత చాలు. ముందే దేవుడి గురించి మొదలెడితే చెప్పులు వెతుక్కుంటారు. ఇంటి గురించి మొదలెడితే కాళ్ళు చాపుకుంటారు.

వారం విడిచి వారం పండితుణ్ణి

ఆదివారం పది గంటలకి ఆరాధన అని మిషనువారి కట్టుబాటు. ఒక ఆదివారం సంఘమంతా వచ్చేది, వసారాలో ఊళ్ళోవాళ్ళూ ఉండేవారు. పై ఆదివారం రూతమ్మా శాంతమ్మగారూ మాత్రం. శాంతమ్మగారు సంఘానికి పెద్దావిడ. బస్తాలు మోసి మోసి నడుం వంగిపోయింది, చెవి బాగా మందం. నా వాక్యమంటే ఆవిడకి ఇష్టం. కారణం ఆ చెవే అయుంటుంది. ఆ పై ఆదివారం మళ్ళీ మందిరం నిండేది.

నేనిది నా వాక్చాతుర్యానికి కొలత అనుకున్నాను. నిండిన వారం ఏం తిన్నానో, ఏం చెప్పేనో గుర్తుపెట్టుకుని పై వారం అదే తిని, అదే చెప్పేవాణ్ణి. మళ్ళీ ఖాళీ. ఒకసారి జలుబు చేసి గొంతు పెగలక సగంలో ఆపేసిన వారం మందిరం కిటకిటలాడింది. అది చూసి లోలోపల చాలా నొచ్చుకున్నాను.

ఈ సంఘం నిలకడలేనిదని మిషను దొరల అభిప్రాయం. పల్లపు మనుషులు, నీళ్ళలాంటి బుద్ధులు అని ఒకాయన అన్నారట. నీళ్ళ మాట నిజమేనని తర్వాత తేలింది. బుద్ధులకి సంబంధం లేదు.

బురదలో తెలిసింది

నగరమనే ఊళ్ళో ఉపదేశిగారు జబ్బుపడితే శనివారం వెళ్ళి ఆయన్ని చూసి, ఆదివారం పొద్దున్నే తిరుగు పడవెక్కేను, పదింటికి మా మందిరం అందుకోవాలని. సగం దారిలో పాటు తగిలింది. పోటంటే సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎక్కడం, పాటంటే దిగిపోవడం. నీళ్ళు దిగితే మా వైపు రేవుల్లో బురద తేలుతుంది. పడవ ఎటూ కదలదు. అలాగే ఒక రేవు పక్కన బురదలో కూలబడ్డాం.

నాకు ప్రాణం కొట్టుకుంటోంది. మిగతావాళ్ళు హాయిగా ఉన్నారు. ఒకాయన చుట్ట ముట్టించేడు. ఒకావిడ పక్కావిడ తలలో పేలు చూస్తోంది. గట్టు మీద బస్తాల కూలీలు బోర్లా పడుకున్నారు. చుట్టాయన విసుగుపుట్టి, "పంతులుగారూ, ఎలాగా ఆగిపోయేం, ఏదన్నా పాడండి" అన్నాడు. పాడేను. పక్క పడవవాళ్ళు కూడా ఊసులాపి విన్నారు. గట్టు మీద కూలీలు లేచి కూచున్నారు. ఇంకోటి పాడమన్నారు.

రెండో పాట సగంలో ఉండగా తట్టింది. బురద తేలినప్పుడు ఎవరికీ పని లేదు. ఏరు నిండినప్పుడు ఎవరికీ తీరిక లేదు. పాటు రోజురోజుకీ కాస్త వెనక్కి జరుగుతుంది కదా, ఈ ఆదివారం పది గంటలకి బురద తేలితే, పై ఆదివారం అదే వేళకి ఏరు గట్టంటి ఉంటుంది. పడవలన్నీ ఒక్కసారి కదులుతాయి, మా సంఘమంతా బస్తాల కింద ఉంటుంది. ఇది నేను పుట్టినప్పణ్ణించి చూస్తున్నదే, అందరికీ తెలిసినదే. గంట కొట్టడం నా పని, గంట చూడడం దొరల పని అనుకున్నాం గాని, ఈ రెండు గంటల మధ్యా ఏటిని చూడాలని ఒక్కరికీ తోచలేదు. నా వాక్యంలో తప్పూ లేదు, ఒప్పూ లేదు. అంత అవమానమూ అంత ఆనందమూ ఒక్కసారే కలిగితే మనిషి ఏం చేస్తాడు, గంతేసేను. చుట్ట పోయింది ఇక్కడే.

పై వారం నుంచి పాటు వేళకే ఆరాధన పెట్టేను. మిషనుకి కబురంపేను. ఒప్పుకుంటున్నామనీ రాలేదు, ఒప్పుకోమనీ రాలేదు. పాటులో పాట అని మేం నవ్వుకునేవాళ్ళం. ఏ ఆదివారమైనా మందిరం నిండింది. వసారా మీద, మెట్ల మీద ఎక్కడెక్కడి ప్రయాణీకులో బొండాలు పట్టుకుని కూచునేవారు. వీర్రాజు కూడా మెట్ల మీద చేరేవాడు. ఊరికే చేరేవాడు కాదు, మా అందరికంటె గట్టిగా పాడేవాడు.

కొత్త దొర, పాత ఇటుక

అవి కాలవల పని జోరుగా సాగుతున్న రోజులు. లాకులు కడుతున్నారు, ఇటుక ఎంతున్నా చాలడం లేదు. ఆ సమయంలో మిషనుకి కొత్త దొరగారు వచ్చేరు. పొడుగాటి మనిషి. చెన్నపట్నంలో మునిషీ దగ్గర తెలుగు నేర్చుకుని, పుస్తకం తెరిచినట్టు మాట్లాడేవారు. రేవువాళ్ళు మంత్రాలు చదువుతున్నారనుకునేవారు. ఆయన తెలుగుని నేను తెలుగులోకి మార్చి చెప్పేవాణ్ణి. మావాళ్ళేమన్నా అంటే అర్థం కోసం ఆయన నా వైపు చూసేవారు.

ఒక శనివారం ఆయన మా రేవులో దిగేరు. వెనకాల రెండు ఖాళీ పడవలు, ఒక మేస్త్రీ. అమలాపురంలో మిషను బడికి కప్పు లేదు, పిల్లలు తాటాకు పందిట్లో తడుస్తూ చదువుతున్నారు. ఇక్కడ చూస్తే మందిరం కప్పు కారుతోంది, సంఘం చిన్నది. దీన్ని విప్పి ఇటుక కాలవపనికి అమ్మితే అక్కడ బడి లేస్తుంది. ఇదీ ఆయన ఆలోచన. చెడ్డ ఆలోచన కాదు, చెడ్డమనిషీ కాదు. మన పనిని కూలదోసేవాళ్ళు తరచు ఇంకో మంచిపని కోసమే వస్తారు. అందుకే వాళ్ళకి ఎదురుచెప్పడం కష్టం.

నాకేం, ఇంకోచోటికి పంపుతారు, అక్కడా చప్పగానే ఉంటాను. సంఘం మాట వేరు. ఇంకో మందిరమంటే వాళ్ళకి ఏరు దాటి రోజంతా నడక. రేవు వదిలితే ఆ పూట కూలి లేదు. ఇది పోతే వాళ్ళ ఆరాధన పోయినట్టే. శాంతమ్మగారికి ఈ సంగతి గట్టిగా అరిచి చెప్పవలసొచ్చింది. విని, "అయితే ఆదివారం నేనెక్కడ కూచోనండి?" అని అడిగింది.

దొరగారు మందిరమంతా తిరిగి చూసి, "రేపు పది గంటలకు ఆరాధన జరుపుదము. వచ్చు జనమును చూచి నిర్ణయించెదను" అన్నారు.

రేపు పదింటికి ఏరు నిండుతుంది.

"పాటు వేళకి పెడదామండి, మధ్యాహ్నం తిరిగేక. అప్పుడైతే అందరూ ఉంటారండి."

"ప్రభువు దినమును ఏటి యిష్టమునకు విడుతుమా?"

"ఏరు కూడా ప్రభువుదే కదండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే వెనక్కి చూసుకున్నాను. ఆయన నన్ను చూసి, గడియారం చూసి, లోపలికి వెళ్ళిపోయేరు.

ఆ ఆదివారం

పదింటికి గంట కొట్టేను. ఏరు గట్టు ఒరుసుకుని పారుతోంది. బయట వీర్రాజు కేకలు, బస్తాల చప్పుడు. లోపల రూతమ్మ, శాంతమ్మగారు, మేస్త్రీ. దొరగారు ఆ ముగ్గురికీ పూర్తి ప్రసంగం చెప్పేరు, ఒక్క మాట తగ్గించకుండా. నాకు ఆయనంటే గౌరవం పుట్టింది. ఖాళీ మందిరంలో నిండుగా మాట్లాడడం ఎంత కష్టమో నాకంటె తెలిసినవాడు లేడు. అయ్యేక పుస్తకం మూసి, మేస్త్రీని గోడలు కొలవమన్నారు. మధ్యాహ్నం భోంచేసి వెనకగదిలో పడుకున్నారు.

ఏరు దిగింది. బురద తేలింది. ఇటుకల కోసం వచ్చిన పడవలు కూడా అందులోనే కూలబడ్డాయి.

నేను గంట తాడు పట్టుకున్నాను. రూతమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"దొరగారు పడుకున్నారండీ."

"మేలుకోడానికే కదే గంట."

"కోపమొచ్చి ఇవాళే విప్పించేస్తే?"

"కొట్టకపోతే రేపు విప్పిస్తారు" అని లాగేను.

వచ్చేరు. బస్తాలవాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేరు. పడవల్లో చిక్కుకున్నవాళ్ళు వసారా ఎక్కేరు. కొత్తపేటలో కూతురి పురుడికి పోతున్న ఒక తల్లి, గాజులమ్ముకునే ఆవిడ, కొబ్బరి వర్తకులు. శాస్త్రిగారు కూడా ఆ వేళ ప్రయాణంలో ఉన్నారు, వసారా చివర తన మూల తాను చూసుకున్నారు. మెట్ల మీద వీర్రాజు. పాట అయ్యేక, అలవాటు ప్రకారం, దూలాల దగ్గర మొదలెట్టేను. ఓడ విరిగిన సంగతి చెబుతున్నాను.

"ఆ ఓడలోవాళ్ళు ఏమయ్యేరండీ?" అని గాజులావిడ అడిగింది.

పల్లెకారులు తెప్పలేసుకుని వెళ్ళి ఒడ్డుకి చేర్చేరనీ, ఉప్పుదొర కూడా మెడలోతు నీళ్ళలోకి దిగేరనీ చెప్పేను.

"వాళ్ళు ఆయనకేమవుతారండీ?"

"ఏమీ కారమ్మా. ఎవరో కూడా తెలియదు."

"మరెందుకు దిగేరండీ?"

నేను దూలాల దగ్గర మొదలెట్టేది ఈ ప్రశ్న కోసమే. జవాబు చెప్పబోతుంటే వెనకనించి ఇంకో గొంతు వినిపించింది. దొరగారు. జుట్టు చెదిరి, కోటు లేకుండా గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి ఉన్నారో.

"తన నిమిత్తము అంతకు మునుపే ఒకడు దిగెను గనుక" అన్నారు.

జనం నా వైపు చూసేరు. నేను నోరు తెరిచేలోగా వీర్రాజు అందుకున్నాడు. "ఆయన కోసం అంతకుముందే ఎవరో దిగేరంట. అదీ సంగతి" అని అందరికీ చెప్పి, దొరవైపు తిరిగి, "ఎవరండీ దిగింది?" అన్నాడు.

దొరగారు వచ్చి మెట్ల మీద, ఆ బురద కాళ్ళ మధ్య కూచున్నారు. ప్రభువు మన కోసం దిగొచ్చిన సంగతి చెప్పడం మొదలెట్టేరు. ఆయనొక వాక్యం, వీర్రాజొక వాక్యం. గాజులావిడ ప్రశ్నలు ఆపలేదు. శాస్త్రిగారు ఒకచోట కాదన్నారు, దొరగారు అవునన్నారు, ఇద్దరి తెలుగూ ఒకటే బరువు కాబట్టి వాళ్ళకి మధ్యవర్తి అక్కర్లేకపోయింది. నేను ఉద్యోగం ఊడినవాడిలా గోడకానుకుని నిలబడ్డాను. జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ ఖాళీగా లేను.

ఆఖరి పాటయ్యేక దొరగారు వీర్రాజుని అడిగేరు. "నీవు మా సంఘమువాడవా?"

"కాదండి."

"మరి యెలుగెత్తి పాడితివేల?"

"నోటికొచ్చేసిందండి. ఎన్ని పాటుల నించి వింటున్నానండీ."

దొరగారు నవ్వేరు. ఆయన పళ్ళు అప్పుడే చూసేను.

పొద్దు వాలేసరికి పోటు తిరిగింది. పడవలు ఒకదాని వెనక ఒకటి లేచి కదిలేయి. వసారా ఖాళీ అయింది. దొరగారు నన్ను పిలిచేరు.

"ఈ వచ్చినవారిలో ఎందరు మన సంఘమున చేరిరి?"

పెద్ద సంఖ్య ఏదైనా చెప్పాలని నాలుక పీకింది. చెప్పలేదు. "చేరినవాళ్ళు తక్కువేనండి. చేరువైనవాళ్ళు ఎక్కువండి" అన్నాను.

ఆయన తలెత్తేరు. నా మాటలో చమత్కారం మెచ్చుకుంటున్నారేమోనని చూసేను. కాదు, కప్పు కారే మూల చూస్తున్నారు. అప్పుడే మేస్త్రీ కొలతాడు చుట్టుకుంటూ వచ్చేడు.

"ఉత్తరం గోడనించి విప్పమంటారాండీ?"

"కప్పు కారకుండునట్లు చేయుటకు సున్నమెంత పట్టును?" అన్నారు దొరగారు.

మేస్త్రీ తెల్లబోయి నా వైపు చూసేడు. "కప్పు బాగుచెయ్యడానికి సున్నం ఎంత పడుతుందంటున్నారు" అన్నాను.

"రెండు పడవలూ నిండుగా పడుతుందండి."

"అయినచో పడవలు ఖాళీగా పోనిమ్ము. సున్నముతో రమ్ము."

అమలాపురం బడి సంగతి నేనే అడిగేను, అడక్కపోతే నిద్ర పట్టదు కనక. అమలాపురంలో ఆ పిల్లల కోసం అడగడానికి పదిమంది ఉన్నారు, తానూ అడుగుతాను, ఇక్కడ ఈ గోడలు తప్ప అడిగేవాళ్ళు లేరు అన్నారు. ఆ బడికి కప్పు పడడానికి ఇంకో వానాకాలం ఆలస్యమైంది. ఆ పిల్లలకి మేం ఒక వానాకాలం బాకీ ఉన్నాం. ఆ మాట కూడా మీకు చెప్పకపోతే ఈ సంతోషం సగం అబద్ధమవుతుంది.

శాంతమ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడి అందరి మొహాలూ చూస్తోంది. "ఏమన్నారండీ?" అంది. చెవి దగ్గర నోరు పెట్టి అరిచేను, విప్పరంటమ్మా, సున్నం తెస్తారంట అని.

ఆవిడ ఆ వంగిన నడుంతోనే మెల్లగా దొరగారి ముందుకి వెళ్ళి నిలబడింది.

"బస్తాలు మొయ్యలేనండి నేను. సున్నం దంచగలనండి, ఆయ్."

దొరగారు అర్థం కోసం నా వైపు చూళ్ళేదు.